పాదు పోయి కుండీ వచ్చె

మా రోజుల్లో తీగమొక్కను ఎంచుకోవడమనే బెడద లేదు. తొలకరి పడగానే బావి దగ్గర నీళ్లు మళ్లే చోట పాదు తవ్వి, ఇంత పశువుల ఎరువు వేసి, నాలుగు సొర గింజలు గుచ్చేవాళ్లం. గింజలు కొనడమెందుకు? క్రితం ఏడు ముదరబెట్టిన కాయ చూరుకు వేలాడుతూనే ఉండేది. మొలిచాక తీగను దడి మీదకో పాక మీదకో మళ్లిస్తే దాని దారి అదే చూసుకునేది. కాసిన కాయలు మేం తినగా మిగిలి పక్కింటికి పోయేవి.

ఇప్పుడేమో నాలుగో అంతస్తులో బాల్కనీ. అందులో సగం వాషింగ్ మెషీనుకి, మిగతా సగం కుండీలకి. ఫోన్లో బొమ్మ చూసి మొక్క తెప్పిస్తారు, అదీ అట్టపెట్టెలో! అది వాడిపోతే "తాతయ్యా, ఏం తక్కువైంది?" అని నన్నడుగుతారు. ఎండ తక్కువైంది, మట్టి తక్కువైంది, కొనేముందు ఆలోచన తక్కువైంది.

మా మనవరాలు ఎనిమిదంగుళాల కుండీలో సొర పెట్టింది. అంత తీగకు ఆ చారెడు మట్టి ఏ మూలకి? పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికే ఇగిరిపోయి ఆకులు వేలాడేస్తుంది. సొరకీ బీరకీ తక్కువలో తక్కువ ఇరవై లీటర్ల రంగు డబ్బా కావాలి, అడుగున చిల్లులుండాలి. బచ్చలికీ శంఖుపుష్పానికీ అయితే పన్నెండంగుళాల కుండీ చాలు.

ఇక ఆధారం సంగతి. లావుపాటి పైపు నిలబెట్టి కాకర తీగని ఎక్కమంటారు, అదెలా ఎక్కుతుంది? కాకర, బీర, దొండ నులితీగలతో పట్టుకునే జాతి. వాటికి పురికొసో ఎండుకంపో, సన్నగా ఏదో ఒకటి అందాలి. చిక్కుడు, బచ్చలి, శంఖుపుష్పం కాండంతోనే మెలి తిరుగుతాయి, వాటికో కర్ర పాతితే సరి. తమలపాకు కణుపుల దగ్గర వేళ్లూని అంటుకుంటుంది. మా పొన్నూరు వైపు తోటల్లో దాన్ని అవిసె చెట్లకి పాకించేది అందుకే. కుండీలో అయితే గరుకు మోడుకి కొబ్బరి పీచు చుట్టి, తడి ఆరకుండా చూడాలి. కాగితం పూల తీగ దేన్నీ పట్టుకోదు, ముళ్లతో ఆనుకుంటుందంతే. మనమే కట్టాలి.

ఈ కాలంలో నాకు నచ్చింది ఒక్కటే, పావురాలు రాకుండా కట్టే వల. కాకర, దొండ దాన్ని పట్టుకుని చక్కగా పాకుతాయి. సొరకాయల బరువు మాత్రం దాని మీద వేయకండి.

"పూత బోలెడుంది, పిందె నిలవట్లేదు" అని ఇంకో గోల. సొర, బీర పూలు విచ్చేది సాయంత్రాలు. మా పందిళ్ల మీద చీకటి పడితే రెక్కల పురుగులు ముసిరేవి. అంత ఎత్తున మీ ఇంటికి ఎన్నొస్తాయి? మగపువ్వు తుంచి, అడుగున బుల్లి పిందె ఉన్న ఆడపువ్వుకి మీరే పుప్పొడి అద్దాలి. దొండలో అయితే ఆడతీగ, మగతీగ వేరువేరు. గింజ నాటితే ఏదొస్తుందో తెలియదు కాబట్టి కాపు మీదున్న తీగ నుంచే కొమ్మ తెచ్చి గుచ్చండి.

నాటు చిక్కుడు వేసవిలో పెట్టి ఆషాఢంలో కాయలేదని తిట్టుకుంటే ఎలా? పగలు పొట్టిదయితేనే అది పూస్తుంది. రథసప్తమికి రథం కట్టడానికి చిక్కుడుకాయలు ఊరికే దొరికేవా? అది వాటి కాలం. రాధామనోహరంతో ఇంకో తంటా. గేటు మొత్తం కమ్మేసే తీగ అది. పెద్ద డ్రమ్ము, ఏటా కత్తిరింపు లేకుండా బాల్కనీలో ఇరికిస్తే ఇల్లు ఆకులమయమవుతుంది.

మనీ ప్లాంటుని మాత్రం ఏమీ అనకూడదు, ఇంటికి డబ్బు తెస్తుందట. దాని కుండీకీ స్టాండుకీ డబ్బు పోవడమే నేను చూశాను. పైగా కిందకి వేలాడదీసి ఆకులు చిన్నవైపోయాయంటారు. పైకి పాకనిస్తేనే దాని ఆకు పెద్దదవుతుంది.

చెప్పొచ్చేదేమిటంటే, మీ బాల్కనీలో ఎండ ఎన్ని గంటలుంటుందో ముందు చూసుకోండి, తర్వాత కుండీ, ఆ తర్వాతే మొక్క. ఆరుగంటల ఎండ ఉంటే కాకరో దొండో పెట్టండి, పువ్వులే కావాలంటే కాగితం పూలు పెట్టి నీళ్లు తగ్గించండి. పూట ఎండకి బచ్చలి, నీడకి తమలపాకు. ఇవేవీ చూసుకోకుండా మొక్కలు కొనేవాళ్లు కాయల మీద ఆశ పెట్టుకోకండి, కూరగాయల బండి ఎలాగూ మీ వీధిలోకి వస్తుంది.