మూడోవంతు మాస్టారు

ఆదివారం తెల్లారగట్ల చార్మినార్ దగ్గర మెడలో కెమెరాలతో పదిమంది కనిపిస్తే, అందులో ఫొటో తియ్యడం మానేసి పక్కవాడి కెమెరా స్క్రీనులోకి తొంగిచూసే మనిషి ఒకాయన ఉంటాడు. ఆయనే మూడోవంతు మాస్టారు. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ మీదా ఉంటాడు, విశాఖ ఫిషింగ్ హార్బరులోనూ ఉంటాడు, హనుమకొండ వేయిస్తంభాల గుడి ముందూ ఉంటాడు. ఊరు మారుతుంది, ఉద్యోగం మారుతుంది, కెమెరా కంపెనీ మారుతుంది. తీర్పు మొదలయ్యే మాట మాత్రం మారదు: "బాగుంది గానీ..."

మా గుంపులోని మాస్టారు కరెంటు డిపార్టుమెంటులో ఇంజినీరు. సర్వీసంతా ఊళ్ళకి ఊళ్ళు స్తంభాలు పాతించి తీగలు లాగించినవాడు. అలాంటి మనిషికి ఫొటోలో తీగ కనిపిస్తే ఒళ్ళు మండిపోతుంది. "ఎవడేశాడయ్యా ఈ లైను!" అంటాడు. జవాబు అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. లాడ్ బజారు గల్లీల్లో తీగ అడ్డం రాని ఆకాశం కోసం ఆయన మెడ తిప్పుకుంటూ తిరుగుతుంటే, గాజుల దుకాణం వాళ్ళు ఏదో ఫాల్టు సరిచెయ్యడానికి వచ్చాడనుకుని తమ మీటరు సంగతి చెప్పుకుంటారు.

'మూడోవంతు' అన్న పేరు ఎలా వచ్చిందంటే, ఫొటోగ్రఫీలో 'రూల్ ఆఫ్ థర్డ్స్' అని ఒకటుంది. ఫ్రేముని మూడేసి వంతులు చేసేలా అడ్డంగా రెండు గీతలు, నిలువుగా రెండు గీతలు ఊహించుకోవాలి. అవి కలిసే నాలుగు చోట్లలో ఏదో ఒకచోట అసలు విషయం పడాలి. జాన్ థామస్ స్మిత్ అనే ఆంగ్ల చిత్రకారుడు పల్లె దృశ్యాల మీద 1797లో వేసిన పుస్తకంలో 'రూల్ ఆఫ్ థర్డ్స్' అన్న మాట రాశాడు. ఫొటోగ్రఫీ సంగతి లోకానికి చాటింది 1839లో. అంటే కెమెరా కన్నా దాని రూలు నలభై రెండేళ్ళు పెద్దది. మాస్టారు ఆ రూలుకి వారసుడు. హోటల్లో ఇడ్లీ వస్తే చట్నీ గిన్నెని కుడివైపు మూడోవంతుకి జరిపి గానీ ముక్క తుంచడు. పెళ్ళిలో గ్రూపు ఫొటోకి నిలబడమంటే, వధూవరులు సరిగ్గా మధ్యలో ఉన్నారని అలిగి కిందకి దిగిపోతాడు.

నెలకోసారి ఒక సభ్యుడి అపార్టుమెంటు సెల్లారులో మా సమావేశం. గోడ మీద తెల్లదుప్పటి, ఎదురుగా ప్రొజెక్టరు, వెనక టీ ఫ్లాస్కు. మనిషికి ఐదు ఫొటోలు. అన్నీ రోజూ కనిపించేవే: గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో బంతిపూల బస్తా మీద నిద్రపోతున్న కుర్రాడు, స్కూటరు సీటు మీద పిల్లి, వాన వెలిశాక బస్టాపు. మాస్టారు ముందు వరసలో కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని కూర్చుంటాడు. ఇక మొదలు. "హైలైట్లు కాలిపోయాయి." "నీడలు చచ్చిపోయాయి." "ఈయన తలలోంచి స్తంభం మొలిచింది." "ఆవిడ కాళ్ళు నరికేశావు." తలుపు బయట వాచ్‌మన్ ఈ మాటలు విని మొదట్లో ఓసారి లోపలికి పరుగెత్తుకొచ్చాడు.

సభ్యుల్లో రకరకాల వాళ్ళున్నారు. ఒకాయన ఏ ఫొటో చూసినా "సూపర్ సార్" అంటాడు. ప్రొజెక్టరు పాడై నీలం తెర కనబడ్డప్పుడు కూడా అన్నాడు. ఇంకొకాయన చెడిపోయిన ఫొటోలన్నిటినీ బ్లాక్ అండ్ వైట్ చేసి "మూడ్ కోసం" అంటాడు. మా హోమియో డాక్టరు గారికి ఫియాప్ బిరుదుంది. 1950లో పుట్టిన ఈ అంతర్జాతీయ ఫొటోగ్రఫీ సమాఖ్య, పోటీల్లో ఫొటోలు ఎంపికైన లెక్కని బట్టి బిరుదులిస్తుంది. డాక్టరు గారు తన బోర్డు మీద డిగ్రీ పక్కనే 'ఏఎఫ్ఐఏపీ' అని రాయించారు. అది విదేశీ చదువనుకుని రోగులు పెరిగారు.

సాఫ్ట్‌వేరు కుర్రాడొకడు లక్ష పోసి ఎఫ్ 1.4 లెన్సు కొన్నాడు. దాన్ని పూర్తిగా తెరిచి దగ్గర్నుంచి మొహం తీస్తే, ఫోకసు పట్టేది కనురెప్ప మందమే. చెవులు పొగమంచులో కలిసిపోతాయి. మాస్టారు ఫొటో చూసి, "రెప్ప బాగుంది బాబూ, మిగతా మొహం ఎక్కడ తాకట్టు పెట్టావు?" అన్నాడు.

కుర్రాడు పగబట్టాడు. మర్నెల తన ఐదు ఫొటోల్లో ఒకటి తనది కానిది కలిపాడు. వాననీళ్ళ గుంట మీంచి ఒక మనిషి దూకుతుంటాడు, మడమ ఇంకా నీళ్ళని తాకదు. మాస్టారు ముందుకి వంగాడు. "పాతకాలం లుక్ తెప్పించావు, బాగుంది గానీ, మనిషి బ్లరు. మొహం కనబడదు. వెనక గోడ మీద ఆ పోస్టర్లేమిటి, చెరిపెయ్."

ఆ పోస్టరులో కూడా ఒక నర్తకి అలాగే గాల్లోకి ఎగురుతూ ఉంటుంది. ఆ జోడీ కుదిరినందుకే లోకం ఆ ఫొటోని మెచ్చుకుంటుంది. కుర్రాడు లేచి, "మాస్టారూ, ఇది కార్టియే బ్రెస్సన్ 1932లో పారిస్ సాన్ లజార్ స్టేషను వెనక తీసిందండీ" అన్నాడు. సెల్లారంతా ఊపిరి బిగబట్టింది. 'సూపర్ సార్' ఆయన కూడా నోరు మెదపలేదు.

మాస్టారు టీ ఓ గుక్క తాగాడు. "మరీ మంచిది. ఆయన ఫొటోలు క్రాప్ చెయ్యడం అంటే గిట్టనివాడు. అలాంటివాడు దీన్ని మాత్రం క్రాప్ చేశాడు. ఎందుకు? కంచె సందులోంచి తీశాడు, ఎడమవైపు చెక్క అడ్డమొచ్చింది. నేను ఇన్నేళ్ళుగా మొత్తుకునేది అదేగా, అంచులు చూసుకోండ్రా అని!" కుర్రాడు కూర్చున్నాడు. ఆ చెక్క సంగతి నిజమే.

మాస్టారుకి ఆరాధ్యదైవం రాజా దీన్‌దయాళ్. మన హైదరాబాదులో ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు, 1894లో 'ముసవ్విర్ జంగ్' బిరుదు పొందినవాడు. ఆయన చదివింది రూర్కీ ఇంజినీరింగు కాలేజీలో, మొదట చేసింది ఇండోర్ పబ్లిక్ వర్క్స్‌లో కొలువు. "ఆయనా ఇంజినీరే, నేనూ ఇంజినీర్నే. ఆయన గాజుపలకల మీద తీశాడు, ఒక్కో పలకకీ ఎంత ఆలోచించి ఉంటాడు! మీరేమో పిల్లి తుమ్మేలోగా నలభై నొక్కుతారు. ఆయనకి నిజాం దొరికాడు, నాకు మీరు దొరికారు" అని నిట్టూరుస్తాడు.

మరి ఆయన సొంత ఫొటోలు? తప్పు పట్టడానికి చోటుండదు. మెట్లు, గోడ, ఖాళీ కుర్చీ, హుస్సేన్‌సాగర్ మీద పొద్దు. ఆకాశం సరిగ్గా మూడోవంతు. తీగ లేదు, చీపురు లేదు, మనిషి లేడు. మనిషిని పెడితే కదిలిపోతాడు, తల్లో స్తంభం మొలిపించుకుంటాడు, అందుకని ఆయన మనుషుల జోలికే పోడు. "ఈయన కెమెరాలో మా మనవరాలి ఫొటో ఒక్కటి చూపించండి చూద్దాం, నా ఫోను నిండా ఉన్నాయి" అంటుంది వాళ్ళావిడ. పాప బారసాలకి తీయక తప్పలేదు. ముహూర్తం పదకొండున్నరకి. మిట్టమధ్యాహ్నం ఎండ మొహం మీద గట్టి నీడలు వేస్తుందనీ, సాయంత్రం వెలుతురు బంగారంలా ఉంటుందనీ, కార్యక్రమం అయిదున్నరకి జరపమనీ పంతులుగారిని అడిగాడు. వియ్యంకుడు ఇప్పటికీ ఆ మాట ఎత్తుతాడు.

ఇంత చదివాక, ఈయన్ని ఎందుకు భరిస్తున్నారని మీరడగొచ్చు. దానికొక ఫొటో చూపించాలి.

డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె ఫోనుతో తీసిన ఫొటో తెచ్చింది. వాళ్ళ నానమ్మ బాల్కనీలో పీట మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. అందరూ అబ్బా అన్నారు. 'సూపర్ సార్' ఆయన రెండుసార్లు సూపర్ అన్నాడు. మాస్టారు యథాప్రకారం ఎడమ మూలకి వేలు చూపించాడు. "చీపురు సగమే ఉంది. ఉంటే మొత్తం ఉండాలి, లేదా అసలుండకూడదు. పెద్దావిడ సరిగ్గా మధ్యలో ఉంది, కుడివైపుకి జరపాలి."

"జరగదండీ, మోకాళ్ళ నొప్పులు" అంది అమ్మాయి.

అందరూ పగలబడి నవ్వారు. మాస్టారు నవ్వలేదు, తెర దగ్గరికి వెళ్ళాడు. "ఇది చూడమ్మా. చేటలో ఉన్న చెయ్యి మణికట్టు దగ్గర ఫ్రేములోంచి తెగిపోయింది. మొహం బాగా రావాలని దగ్గరికెళ్ళావు, చేతిని వదిలేశావు. ఆవిడ బియ్యం ఏరేది మొహంతో కాదు కదా."

నవ్వులు ఆగాయి. అప్పటిదాకా ఆ ఫొటోని మెచ్చుకున్న వాళ్ళలో చెయ్యి లేదని ఒక్కడూ గమనించలేదు. మర్నెల ఆ అమ్మాయి మళ్ళీ తెచ్చింది. ఈసారి రెండు చేతులూ ఉన్నాయి, రాయి పట్టుకున్న రెండు వేళ్ళూ ఉన్నాయి, వదులుగా జారిన గాజులున్నాయి. చీపురు పూర్తిగా ఉంది. మాస్టారు చాలాసేపు చూసి, "బాగుంది గానీ, వెనక ఆరేసిన లుంగీ ఎర్రది" అన్నాడు.

బొటనవేలు పైకెత్తి చూపించేవాళ్ళు అందరికీ దొరుకుతారు. వాళ్ళకి మీ ఫొటో మీద పడేది అరక్షణం చూపు. ఐదు నిమిషాలు అంచుదాకా చూసేవాడు ఇలాంటి మాస్టారొక్కడే. ఆయన చెప్పే పది మాటల్లో తొమ్మిది చీపుర్లు, తీగలు, లుంగీల గురించే ఉంటాయి. పదోది పనికొస్తుంది. అందుకని మీ గుంపులో ఇలాంటాయన ఉంటే పోట్లాడకండి, టీ డబ్బులు మీరే ఇచ్చి పదో మాట దాకా కూర్చోబెట్టుకోండి. బారసాలకి మాత్రం వేరే ఫొటోగ్రాఫర్ని మాట్లాడుకోండి.