కారు నోరు మూయించే విద్య

అల్లుడూ, కొత్త కారు కొన్నావని అక్కయ్య ఫోన్ చేసి చెప్పింది. సంతోషం. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించావట, బానెట్ మీద పసుపు కుంకుమలతో స్వస్తిక్ వేయించావట, గుమ్మడికాయ కూడా కొట్టించావట. ఇంక ఆ బండికి చేయాల్సిన మెయింటెనెన్స్ అయిపోయినట్టే. మిగిలిందల్లా ఒక్కటే. ఈ కాలం కార్లకు నోరెక్కువ. కూస్తాయి, లైట్లు వెలిగిస్తాయి, వాసన కొడతాయి, స్టీరింగ్ వణికిస్తాయి. పండక్కొచ్చిన కొత్తల్లుడిలా ప్రతిదానికీ అలుగుతాయి. మొదట్లోనే లొంగదీయకపోతే జీవితాంతం షెడ్డు చుట్టూ తిరగాలి.

ముందు సీటు బెల్టు సంగతి చూద్దాం. 2019 జులై నుంచి తయారయ్యే కార్లన్నిటికీ, ముందు సీట్లో వాళ్లు బెల్టు పెట్టుకోకపోతే కూసే ఏర్పాటు తప్పనిసరి చేశారు. దానికి మందు, బెల్టు గొళ్లెంలో గుచ్చే చిన్న ఇనప క్లిప్పు. వాటిని ఆన్‌లైన్లో అమ్మొద్దని 2023లో కేంద్రం పెద్ద పెద్ద కంపెనీలకు ఆదేశాలిచ్చింది గానీ, నువ్వు అడిగే తీరులో అడిగితే యాక్సెసరీస్ షాపువాడు లోపలి నుంచి తీసిస్తాడు. అది గుచ్చావంటే బెల్టు పెట్టుకున్నావని కారు నమ్మేస్తుంది. పోలీసు కనబడితే మాత్రం బెల్టు అలా ఒంటి మీదకి లాక్కో. జరిమానా వెయ్యి రూపాయలు. క్లిప్పు అంతకన్నా చాలా చవక.

ఎయిర్‌బ్యాగ్ ఉంది కదా, భయమెందుకు? రెప్ప వేసేలోపు పేలి ఉబ్బుతుంది. బెల్టు వెనక్కి పట్టి ఉంచిన మనిషిని దృష్టిలో పెట్టుకుని దాన్ని తయారు చేశారట, బెల్టు లేనివాడు అది పూర్తిగా ఉబ్బకముందే సగం దారిలో ఎదురెళ్తాడట. ఎదురెళ్లి పలకరించడం మన ఇంటి మర్యాదే కదా. డాష్‌బోర్డు మీద ఇత్తడి వినాయకుణ్ణి సరిగ్గా ఎయిర్‌బ్యాగ్ మూత మీదే అతికించు, అవసరం వచ్చినప్పుడు అందరికన్నా ముందు ఆయనే వచ్చి ఆదుకుంటాడు. చంటివాణ్ణి అమ్మాయి ముందు సీట్లో ఒళ్లో పెట్టుకుంటే, వాడికి రోడ్డూ కనిపిస్తుంది, దేవుడూ కనిపిస్తాడు. ఇక వెనక సీటంటావా, అక్కడ బెల్టు అడిగేవాడే లేడు. టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ 2022 సెప్టెంబరులో పాల్ఘర్ దగ్గర పోయింది వెనక సీట్లో బెల్టు లేకుండానే. కోటీశ్వరులకే అక్కర్లేనిది మనకెందుకు?

ఇక స్పీడు ఎనభై దాటగానే ఒక కూత, నూట ఇరవై దాటితే ఆగకుండా కూత. వీటికి క్లిప్పుల్లేవు, పాటల సౌండ్ పెంచుకోవాల్సిందే. వందలో పోతుంటే సెకనుకు 28 మీటర్లు వెళ్తామనీ, ముందు బండికీ మనకీ కనీసం రెండు సెకన్ల ఎడం ఉండాలనీ లెక్కలు చెబుతారు. విజయవాడ రోడ్డు మీద అంత ఖాళీ వదిలితే చౌటుప్పల్ చేరేలోపు ఊళ్లో కార్లన్నీ నీ ముందు దూరిపోతాయి. లారీ వెనక ఎంత దగ్గరగా వెళ్తే అంత మంచిది, దాని వెనక రాసిన కొటేషన్ చదువుకోవచ్చు.

నూనె చుక్క కారే డబ్బా గుర్తు ఎర్రగా వెలుగుతుంది చూడు, అది పెద్ద అబద్ధాలకోరు. మొదట్లో మలుపుల్లోనే మిణుకుమంటుంది. ఆయిల్ తగ్గి, బండి ఒరిగినప్పుడు పంపుకు అందడం లేదని మెకానిక్ అంటాడు. అలాంటప్పుడు మలుపులు తక్కువున్న దారి చూసుకోవాలి. బండిని చదునైన చోట ఆపి, కాసేపాగి, డిప్‌స్టిక్ తుడిచి ముంచి చూస్తే తెలిసిపోతుందంటాడు. పాతబట్ట పాడవడం తప్ప ఏమొస్తుంది? లైటు ఆరకుండా వెలుగుతుంటే మాత్రం దాని మీద బొట్టుబిళ్ల అంటించు. మీ అత్తయ్య అద్దం మీద ఎలాగూ బోలెడుంటాయి. ఆ తర్వాత నాలుగైదు కిలోమీటర్లు ఏ చింతా ఉండదు. పదివేల కిలోమీటర్లకో ఏడాదికో ఆయిల్ మార్చమని చాలా కార్ల పుస్తకాల్లో రాసి ఉంటుంది, ఏది ముందైతే అది. నువ్వు ఏది వెనకైతే అదని చదువుకో.

బ్రేకు తొక్కితే కీచుమంటోందా? ప్యాడ్లు అరిగినప్పుడు డిస్కుకు తగిలి అరవాలని కంపెనీవాడే చిన్న రేకు పెడతాడు. చూశావా కుట్ర! పట్టించుకోకుండా తిప్పితే కొన్నాళ్లకు ఆ కీచు పోయి గరగరమని బొంగురు శబ్దం వస్తుంది. అంటే ప్యాడ్లతో పోయేది డిస్కుల దాకా వచ్చిందన్నమాట. ఎప్పుడైనా మారిస్తే అన్నీ ఒకేసారి మార్చాలి, పని కలిసొస్తుంది.

ఘాట్ రోడ్డు మీద బ్రేకుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కొత్త కారుతో తిరుపతి వెళ్తావు కదా. కొండ దిగడం 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు మీద, అన్నీ వంపులే. ఎక్కేటప్పుడు ఏ గేరు వాడామో దిగేటప్పుడూ అదే వాడాలని పాత డ్రైవర్లు చెబుతారు. వినకు. న్యూట్రల్‌లో పెట్టి వదిలేయ్, డీజిల్ ఆదా. గేర్లో దిగుతుంటే ఈ కాలపు ఇంజన్లు అసలు ఇంధనమే తీసుకోవనీ, న్యూట్రల్‌లోనే ఆరిపోకుండా ఉండటానికి కాస్త తాగుతాయనీ ఇంజనీరింగ్ చదివినవాళ్లు వాదిస్తారు. వాళ్లకు సమాధానంగా ఇంజనే ఆపెయ్యి. అప్పుడు రెండు మూడు సార్లు తొక్కేసరికి బ్రేకు పెడల్ రాయిలా బిగుసుకుంటుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. కాళ్లకూ చేతులకూ మంచి వ్యాయామం. ఏదో కాలిన వాసన వస్తే అద్దాలెత్తి ఏసీ వేసుకో. అలిపిరికి నిర్ణీత సమయం కన్నా ముందే దిగిన బండికి జరిమానా వేస్తారు గానీ, నీ విషయంలో రసీదు ఎక్కడ రాయాలో వాళ్లకే తెలియాలి.

టెంపరేచర్ ముల్లు పైకి లేస్తే బండి పక్కకు తీసి వెంటనే రేడియేటర్ మూత తిప్పు. చల్లారనివ్వాలని అత్తయ్య అంటుంది. లోపల నీళ్లు ఒత్తిడి వల్ల నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయనీ, మూత తీయగానే ఆవిరై మొహం మీదికి ఎగజిమ్ముతాయనీ ఆవిడ భయం. బ్యూటీ పార్లర్లో ఆవిరి పట్టడానికి డబ్బిచ్చేది మాత్రం ఆవిడే. కూలెంట్ బదులు బోరు నీళ్లు పోయి. లోపల సున్నం పేరుకుంటుందంటారు, పోనీ, ఏటా వెల్ల వేయించే ఖర్చు తప్పింది.

టైర్లకు గాలి కొలవడం దండగ. కాలితో తన్నితే తెలుస్తుంది. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు పక్క స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది, దాన్ని గోకేసి మనవాళ్ల పేర్లు అంటించుకో. గ్రిప్ గాళ్ల మధ్య అడ్డంగా చిన్న గట్లుంటాయి, 1.6 మిల్లీమీటర్లవి. అరిగి వాటితో సమానమయ్యాక టైరు నున్నగా, చూడముచ్చటగా ఉంటుంది. పక్కన నాలుగంకెలు, 2319 అనుకో, అంటే 2019లో ఇరవై మూడో వారంలో పుట్టిందని. వయసు తెలుసుకుని దానికి సంబంధాలు చూస్తామా?

చివరగా వానాకాలం. హైదరాబాదులో అపార్ట్‌మెంట్ సెల్లార్లు 2020 అక్టోబరు వరదల్లో ఏమయ్యాయో నీకు తెలుసు. నీళ్లు తీశాక కారు స్టార్ట్ కాకపోతే ఒక్కసారి కాదు, అంటుకునేదాకా తాళం తిప్పుతూనే ఉండు. ఎయిర్ ఫిల్టర్ నుంచి సిలిండర్లోకి నీళ్లు దిగి ఉంటాయి. గాలిని నొక్కినట్టు నీళ్లను నొక్కడం పిస్టన్‌కు చేతకాదు, దాని కడ్డీ వంగిపోతుంది. అప్పుడు టక్‌మని ఒక చప్పుడు వస్తుంది, ఇక ఆ ఇంజను నీతో ఎప్పుడూ మాట్లాడదు. మనకు కావలసింది అదే కదా. ఇన్సూరెన్సువాడు మాత్రం వరద చేసింది వేరు, నువ్వు తాళం తిప్పి చేసింది వేరు అని, ఇంజన్‌కు విడిగా కవర్ తీసుకున్నావా అని అడుగుతాడు. ఆ కవర్‌కు డబ్బు కట్టకుండా మిగుల్చుకున్నందుకు గర్వంగా ఉందని చెప్పు.

అన్నట్టు, బావగారికి కూడా చిన్న సెకండ్ హ్యాండ్ బండి ఒకటి చూడమని అక్కయ్య అడిగింది. నాది తీసుకోమను, ఇంటివాళ్లం కాబట్టి ధర నేనే తగ్గిస్తాను. ఒక్క లైటు వెలగదు, ఒక్క కూత వినపడదు. డబ్బు ముందే పంపితే మంచిది. క్రేను ఖర్చు మాత్రం మీదే.