అట్మాస్ ఉండగా ఆడియో డిస్క్రిప్షన్ ఎందుకు?

చూపులేనివాళ్లకు మీ సినిమా ఎలా అర్థమవుతుందండీ అని అడిగితే మన సినిమావాళ్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: "మాది డాల్బీ అట్మాస్!" నిజమే. చెవులకు అంత సేవ చేశాక ఆడియో డిస్క్రిప్షన్ కూడా కావాలనడం అత్యాశే.

హీరో ఎంట్రీనే తీసుకోండి. డప్పులు. కారు బ్రేకు. మళ్లీ డప్పులు. ఏదో పగిలింది. అద్దమా, విలన్ తలా అన్నది శ్రోత విజ్ఞతకు వదిలేశారు. నిమిషాల తరబడి ఒక్క మాట లేదు, హాలు మాత్రం ఊగిపోతోంది. చూపులేని మేనత్త పక్కనున్న మేనల్లుణ్ని మోచేత్తో పొడుస్తుంది. "ఏమైందిరా?" "వచ్చాడత్తా." "వచ్చి?" "ఆగు, చెప్తా." ముందు వరుసాయన వెనక్కి తిరిగి గుడ్లురుముతాడు. అది ఆమెకు కనబడదు గనుక ఆయన శ్రమ వృథా.

ఆడియో డిస్క్రిప్షన్‌కు పెద్ద యాగమేమీ అక్కర్లేదు. డైలాగుల మధ్య ఖాళీలో "గొడ్డలి పారేసి పాపను ఎత్తుకున్నాడు" అని ఒక గొంతు చెబుతుంది. ఫోన్‌లో యాప్, చెవిలో ఇయర్‌ఫోన్. హాల్లో వినిపించే సౌండ్‌ను బట్టి యాప్ తనే సీను పట్టుకుంటుంది. పక్క సీటువాడికి తన పాప్‌కార్న్ కరకర తప్ప ఇంకేమీ వినబడదు. కానీ ఖర్చో! హెలికాప్టర్లు పేల్చే బడ్జెట్‌లో ఒక రచయితకీ ఒక గొంతుకీ చోటెక్కడ?

అలాగని మనవాళ్లకు చూపులేనివాళ్లంటే గౌరవం లేదనుకునేరు. ‘సిరివెన్నెల’ (1986)లో వేణువు చేతికిచ్చారు. ‘రాజా ది గ్రేట్’ (2017)లో రౌడీలను చితక్కొట్టే పని అప్పగించారు. ‘మాస్ట్రో’ (2021)లో అయితే చూపున్నవాడే లేనట్టు నటించాడు. తెర మీదికి ఎంత దూరమైనా రానిస్తారు. టికెట్ కొనుక్కుని తెరకు ఎదురుగా కూర్చుంటేనే చిక్కు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్‌లోనే ఆడియో డిస్క్రిప్షన్ ప్రస్తావన ఉంది. అయినా ‘పఠాన్’కు అది పెట్టమని 2023 జనవరిలో ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది, అదీ ఓటీటీకి. థియేటర్ల కోసం 2024 మార్చిలో కేంద్ర సమాచార ప్రసార శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది: ఒకటికి మించిన భాషల్లో సర్టిఫికెట్ తీసుకునే సినిమాలకు 6 నెలల గడువు, మిగతావాటికి 2 ఏళ్లు. అంటే ముందు పరుగెత్తాల్సింది మన పాన్ ఇండియా వీరులే. టికెట్ రేట్ల పెంపు జీవో కోసం పరుగెత్తే కాళ్లే కదా, ఇటూ నాలుగడుగులు వేయొచ్చు.

"వెనకటికి ఆకాశవాణిలో సినిమాల సంక్షిప్త శబ్దచిత్రం విని మురిసిపోలేదా?" అంటాడో పెద్దమనిషి. మురిశాం. అప్పటి డైలాగు రచయిత ఎవరు వచ్చారో, ఎందుకు ఏడుస్తున్నారో మాటల్లోనే చెప్పేసేవాడు. ఇప్పుడు ఫ్లాష్‌బ్యాక్ మొదలైందని తెర రంగు మారితేనే తెలుస్తుంది. ముసుగు తీసిందెవరో హీరోయిన్ మొహం చూసి గ్రహించాలి.

కాదంటారా? ప్రొజెక్టర్ ఆపేసి, స్పీకర్లు మాత్రం పెట్టి, మీ కొత్త సినిమా క్లైమాక్స్‌కు ఇంకో నిర్మాతను కూర్చోబెట్టండి. చచ్చిందెవరో ఆయన సరిగ్గా చెబితే, పెంచిన రేటుకే నేనూ టికెట్ కొంటాను.