గేరుపెట్టె తైలసూత్రానికి టీకా తాత్పర్యం

సూత్రం: సామాన్య వినియోగంబున గేరుపెట్టె తైలంబు మార్పఁ బనిలేదు.

అవతారిక: ప్రతి కారు గ్లవ్ బాక్సులోనూ, కొన్నవాడు ఎన్నడూ తెరవని గ్రంథం ఒకటి ఉంటుంది. ఓనర్స్ మాన్యువల్ అంటారు. దానికి కర్త పేరు ఉండదు. కర్త లేడు కనక అపౌరుషేయం, అపౌరుషేయం కనక నిర్దుష్టం అన్నది మీమాంసకుల మతం. సర్వీస్ సెంటర్ల మతమూ అదే. ఆటోమేటిక్ కార్ల మాన్యువళ్లలో పై సూత్రం పట్టికలో ఒక గడిలో ఇరుక్కుని కనిపిస్తుంది. కొన్ని ప్రతుల్లో ‘చూడనక్కర్లేదు, మార్చనక్కర్లేదు’ అని జంట నిషేధం కూడా ఉంది.

మన మెదక్ సీమవాడని చెప్పుకునే కొలచల మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాశాడు. ఆ ప్రతిజ్ఞలో మొదటి సగం నేనూ పాటిస్తాను. రెండో సగం నా వల్ల కాదు.

ప్రతిపదార్థం: ‘మార్పఁ బనిలేదు’ తెలిసిందే. దీనికి కౌంటర్ దగ్గర మౌఖికంగా వినబడే ‘లైఫ్‌టైమ్ ఆయిల్ సార్’ అనే పాఠాంతరం ఉంది. ఎవరి లైఫ్ అని అడిగి నవ్వడం అందరికీ చేతనైన పని కనక దాన్ని చదువరికే వదిలేస్తున్నాను.

‘తైలంబు’ దగ్గర మాత్రం ఆగాలి. ఇది వట్టి జిడ్డు కాదు. టార్క్ కన్వర్టర్‌లో ఇంజను బలాన్ని చక్రాల వైపు మోసేది ఇదే. వాల్వ్ బాడీ అనే సందుగొందుల్లో ఒత్తిడిగా పారి, ఏ గేరు పడాలో ఆ క్లచ్చిని బిగించేదీ ఇదే. వేడిని కూలర్ దాకా మోసుకుపోయేదీ ఇదే. పైగా గేరు పళ్లు జారాలి, క్లచ్చి పలకలు పట్టాలి. రెండు పనులూ ఒకే ద్రవం చేయాలి. ఆలంకారికులు దీన్ని విరోధాభాసం అంటారు. రసాయనవేత్తలు ఫ్రిక్షన్ మాడిఫయర్ అంటారు.

ఈ అలంకారాన్ని తొలినాళ్లలో పోషించింది తిమింగలం. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లకు జనరల్ మోటార్స్ హైడ్రామాటిక్ గేరుపెట్టె బిగించింది. పెద్ద ఎత్తున తయారైన తొలి పూర్తి ఆటోమేటిక్ అదే. 1949లో దాని తైలానికి ‘టైప్ ఎ’ అని లక్షణం రాశారు. లక్షణం చెప్పినంత సులువుగా లక్ష్యం దొరకదు కదా! క్లచ్చి కుదుపు లేకుండా పట్టాలి, వేడికి నూనె విరగకూడదు. అలాంటి గుణమున్న నూనె స్పెర్మ్ వేల్ అనే తిమింగలం తలలో దొరికింది. తిమిని మింగేది తిమింగిలమనీ, దాన్నీ మింగేది తిమింగిలగిలమనీ మన పూర్వులు మెట్లు కట్టి చెప్పారు. ఆ పై మెట్టు వాళ్ల ఊహకు అందలేదు. అది డెట్రాయిట్.

1970లో అమెరికా ఈ తిమింగలాన్ని అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చింది. కొద్ది ఏళ్లలో కార్ల తైలంలోంచి అది తప్పుకుంది. బదులుగా వచ్చిన డెక్స్‌రాన్-2 కూర్పుల్లో ఒకటి కూలర్లలోని టంకాన్ని తినేయడం మొదలుపెడితే, తుప్పు పట్టించని మరో కూర్పు తేవలసి వచ్చింది. ఈలోగా జోజోబా అనే ఎడారి పొద గింజల నూనెకి తిమింగలం నూనె గుణాలున్నాయని తేలింది. ఆ పొద మన రాజస్థాన్ ఇసుకలోకీ వచ్చింది. కడలిలో ఈదే మహాకాయుణ్ణి ఇసుకలో మొలిచిన పొద కాపాడిందన్నమాట. గజేంద్రమోక్షం వింటూ పెరిగిన జాతి తిమింగిలమోక్షం ఒకటి రాసుకోకపోవడం లోటు. ప్రార్థన ఘట్టం సీసమాలికలో పెట్టాలా, మత్తేభాలు వాడాలా అని ఆలోచిస్తున్నాను. తిమింగలానికి మత్తేభం బాగుండదేమో. మొసలి ఎలాగూ ఉంది, కంపెనీ రూపంలో. చక్రం కూడా ఉంది, స్టీరింగు రూపంలో. విష్ణువు పాత్ర పొదకిద్దామా అంటే...

సరే, ప్రకృతం గేరుపెట్టె.

‘సామాన్య వినియోగంబున’: ముల్లు ఇక్కడ ఉంది. ఏది సామాన్యమో మాన్యువల్ చెప్పదు. ఏది కాదో పక్క పేజీలో చిన్న అక్షరాల్లో చెబుతుంది. 32 డిగ్రీలు దాటిన ఎండలో రద్దీ దారిన నడపడం, ఆగుతూ సాగుతూ పోవడం, దుమ్ము, ఎత్తుపల్లాలు, ఇంజను ఆపకుండా ఎక్కువసేపు నిలబెట్టడం, దగ్గర దూరాలకే తీయడం, టాక్సీగా తిప్పడం: ఇవన్నీ తీవ్ర వినియోగమట. చిత్తం. మే నెలలో బెజవాడ బెంజి సర్కిల్ దగ్గర, ఏ నెలలోనైనా అమీర్‌పేటలో ఈ జాబితా తీసేయగా మిగిలే సామాన్యం ఏది? తెల్లవారుజామున, వాన పడి దుమ్ము అణిగాక, ఔటర్ రింగు రోడ్డు మీద ఒక్కడివే పోతున్నప్పుడు కాసేపు.

జాబితా ఊరికే రాసింది కాదు. ఆగి సాగే రద్దీలో టార్క్ కన్వర్టర్‌కి రెండు వైపులనూ కలిపి బిగించే లాకప్ పడదు. ఇంజను తిరిగే వేగానికీ గేర్లు అందుకునే వేగానికీ ఉన్న తేడా అంతా తైలంలో వేడిగా మిగులుతుంది. పది డిగ్రీలు పెరిగితే నూనె ఆయుష్షు సగమని ఇంజనీర్ల మోటు లెక్క.

పూర్వపక్షం: వ్యాకరణంలో ఒక పరిభాష ఉంది. తనకంటూ చోటు మిగలని విధి, చోటున్న విధిని కొడుతుంది. లేకపోతే ఆచార్యుడు దాన్ని చెప్పడమే వృథా అవుతుంది. మన దేశంలో సామాన్య వినియోగానికి చోటు లేదు. అది నిరవకాశం. నిరవకాశం కనక అదే బలీయం. కాబట్టి తైలం మార్చనక్కర్లేదు. ఇంత సూక్ష్మంగా వాదించేవాడు ఈ రోజుల్లో కాశీలో కూడా దొరకడు, సర్వీస్ సెంటర్ కౌంటర్ వెనక దొరుకుతాడు. డబ్బిస్తాను మార్చు బాబూ అని నేను బతిమాలితే ‘సీల్డ్ బాక్స్ సార్, ఓపెన్ చేస్తే ప్రాబ్లమ్’ అన్నాడు. తీరా రెండు నుంచి మూడో గేరుకి కుదుపు మొదలయ్యాక, అదే మనిషి అదే కుర్చీలోంచి ‘సిటీలోనే తిప్పారు కదా సార్, సివియర్ యూసేజ్ కిందకొస్తుంది, వారంటీ రాదు’ అన్నాడు. అప్పటిదాకా కనబడని అపవాద సూత్రానికి ఆ పూట పట్టాభిషేకం జరిగింది.

ఇది తీవ్ర వినియోగమని వాళ్లకి ముందే తెలుసు. కారు అమ్మేటప్పుడు తెలుసు, సర్వీసు బుక్ చేసేటప్పుడు తెలుసు. నూనె మార్చడం వేలల్లో తేలే పని. గేరుపెట్టె లక్షల్లో పని. చూసుకుందామంటే చాలా కార్లలో డిప్‌స్టిక్కే లేకుండా చేశారు. ఆవకాయ జాడీనైనా మూడోనాడు వాసెన విప్పి తిరగ కలుపుతాం.

విశేషం: బాలవ్యాకరణంలో చిన్నయసూరి ఇష్టంగా వాడే మాట ‘బహుళం’. దానికి నాలుగు ముఖాలు: నిత్యం, నిషేధం, వికల్పం, అన్యకార్యం. గసడదవాదేశం దగ్గర మనల్ని ఏడిపించిన ఈ బహుళం గేరుపెట్టె దగ్గర చక్కగా అర్థమవుతుంది. మాన్యువల్‌ది నిషేధం. నూనె అమ్మేవాడిది నిత్యం. చెట్టు కింద మెకానిక్కుది వికల్పం, ‘మారిస్తే మంచిదే, మార్చకపోయినా నడుస్తది’. అన్యకార్యం అంటే నూనె మారదు, గేరుపెట్టె మారుతుంది.

సిద్ధాంతం: బీఎండబ్ల్యూ వంటి కార్లకు గేరుపెట్టెలు చేసే జర్మనీ కంపెనీ జెడ్‌ఎఫ్, వాడకాన్ని బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకు నూనె మార్చమంటుంది. పెట్టె చేసినవాడే మార్చమంటుంటే పెట్టె కొనుక్కుని బిగించినవాడు వద్దనడం, మూలకర్తను వ్యాఖ్యాత దిద్దడం లాంటిది. మేము కూడా అంత దూరం వెళ్లం. కొన్ని మాన్యువళ్లు తీవ్ర వినియోగానికి లక్ష కిలోమీటర్లు రాస్తాయి. మన ఊళ్ల ఎండకీ రద్దీకీ 60,000 దగ్గరే మార్చడం మంచిదని నా మతం. ఇది టార్క్ కన్వర్టర్ పెట్టెల మాట. సీవీటీకీ డీసీటీకీ తైలాలు వేరు, గడువులు వేరు. ఏఎంటీ పేరుకే ఆటోమేటిక్, లోపల ఉన్నది మామూలు గేరుపెట్టె. ఒకసారి ప్లగ్గు విప్పి వంపితే నూనె అంతా రాదు, చాలా భాగం కన్వర్టర్‌లోనూ కూలర్‌లోనూ ఉండిపోతుంది. పూర్తిగా మారాలంటే మళ్లీ మళ్లీ వంపి నింపాలి. పాత నూనె తీస్తే పెట్టె పోతుందనే భయం ఉంది. అలా పోయినవి చాలావరకు అప్పటికే జారుతున్న క్లచ్చిలు. నింద మాత్రం కొత్త నూనెకి.

చదువరులకు విన్నపం: సర్వీసుకి వెళ్లేటప్పుడు మాన్యువల్‌లో తీవ్ర వినియోగం పేజీ తెరిచి పట్టుకెళ్లండి. తీసిన నూనె రంగూ వాసనా చూపించమనండి. పోసిన తైలం పేరు, ఎన్ని లీటర్లో బిల్లు మీద రాయించుకోండి. ‘మార్చనక్కర్లేదు’ అంటే ఆ మాట కూడా జాబ్ కార్డు మీద రాసి సంతకం పెట్టమనండి.