ప్రియదర్శినీ వ్యాఖ్య: సరోజినీ నగర్ ఘట్టము

మూలము (ఆటవెలది)

అమ్మ! చూడు దీని యంచెంత బాగుందొ
రెండు వందలంట, రేటు ఫిక్సు
కొనన? వద్ద? చెప్పు గొంతెత్తి బిగ్గర
బఫరు తిరుగుచుండె, బ్యాటరయ్యె

అవతారిక: ఢిల్లీలో చదువుకొను తెనాలి పిల్ల ఒకతె ఆదివారమునాడు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్ స్టేషనులో మెట్రో ఎక్కి, మూడవదైన సరోజినీ నగర్‌లో దిగినది. రాజమండ్రి ఆడపడుచు పేర ఎక్కి, హైదరాబాదులో పుట్టినావిడ పేర దిగుటచే ఆ పిల్ల తెలుగుదేశము దాటనే లేదని కొందరందురు. 2018 ఆగస్టులో ఈ పింక్ లైను ఇటు రాక మునుపు బస్సులలో చెమటోడ్చిన సీనియర్లకు ఈ చమత్కారము దక్కలేదు.

ప్రతిపదార్థము: అమ్మ = తెనాలి వంటింటిలో ఫోనును ఉప్పుడబ్బాకు ఆనించి పప్పు ఎనుపుచున్న తల్లీ; చూడు = నాకు నీ నుదురు మాత్రమే కనబడుచున్నను, నీవు చూడుము; అంచు = కుర్తా అంచు, విదేశమునకు పోవలసి మిగిలిన సరకని అమ్మువాని ప్రమాణము; రెండు వందలంట = మొదట నాలుగు వందలనెను; ఫిక్సు = ఇంకను తగ్గునని అర్థము; కొనన, వద్ద = కొననా, వద్దా, దీర్ఘములు ఛందస్సుకు బలియైనవి; గొంతెత్తి = పక్కవాడు బల్లపై నిలిచి "సౌ, సౌ" అని అరచుచున్నాడు గనుక; బఫరు = తెర నడుమ తిరుగు వలయము; బ్యాటరయ్యె = బ్యాటరీ అయిపోయెను. ఈకారముపై ఇట్టి సంధి వ్యాకరణమునకు చెల్లదు. ఒక్క శాతము చార్జింగులో చెల్లును.

తాత్పర్యము: కొనేశానమ్మా.

విశేషములు: ఈ పద్యమునకు ప్రాణమైన యంత్రమును మనవారు 1957లోనే చూచిరి. కె.వి. రెడ్డి మాయాబజార్‌లో శశిరేఖ ప్రియదర్శిని అను పెట్టె మూత తెరవగా అభిమన్యుడు కనబడెను. అప్పటికది మాయ. 1970లో అమెరికాలో బెల్ కంపెనీవారు పిట్స్‌బర్గున పిక్చర్‌ఫోను పెట్టి నెలకు 160 డాలర్లు అడుగగా జనము దండము పెట్టి వెడలిరి. సగానికి బేరమాడువారు అక్కడ లేకపోయిరి కాబోలు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా పంచిపెట్టినది, నవంబరులో వాట్సాప్ వీడియో కాల్ తెచ్చినది. అంతటితో మాయ తీరి అలవాటు మిగిలెను.

ఇందు శృంగారము ప్రధాన రసమని వాదించువారు కలరు. ఒప్పము. పెట్టెలో ప్రియుడు కనబడునని ఊహించినవారికి, బేరమాడు తల్లి కనబడునని తోచలేదు. అమ్మువాని ఎదుటనే "నూట యాభై అనవే, కదులుతున్నట్టు నటించు" అని ఆమె తెలుగులో ఉపదేశించును. వానికి తెలుగు రాదు. అయినను తెరలో ఆమె ముఖము వెలుగుట చూచెనా, ఇక పైసా తగ్గడు. అనుభవశాలినులు అందుకే తెరను తమవైపే తిప్పుకొందురు, స్పీకరు మాత్రము వినిపింతురు.

ఇ.ఎం. ఫోర్‌స్టర్ 1909లో వ్రాసిన ద మెషీన్ స్టాప్స్ కథలో భూమికి చెరొక కొసనున్న తల్లీకొడుకులు పళ్లెము వంటి తెరలో మాటలాడుకొందురు. కొడుకు మాత్రము ఇది చాలదు, నీవే రమ్మనును. తెనాలి తల్లికిని అదే ఆక్షేపణ. ఆమెకు అందనిది గుడ్డ. "నూలేనా? వేళ్లతో నలిపి చూడవే. తడిపితే రంగు దిగుతుందేమో!" రంగు వచ్చును, అంచు వచ్చును, ధర వచ్చును, వేళ్ల నడుమ నలుగుట రాదు. పిల్ల నలిపి "నూలేనమ్మా" అన్నను తల్లి నమ్మదు, ఆ వేళ్లకు ఇంకను అనుభవము చాలదు గనుక. కావున ప్రియదర్శిని ఇంకను సగమే తయారైనదని వ్యాఖ్యాత తీర్పు.

సోమవారము ఈ అంగడికి సెలవు. తక్కిన దినములలో వెళ్లు పాఠకులు చార్జింగు నిండుగా పెట్టుకొని, అమ్మ పప్పు దించిన పిమ్మట కాల్ చేయవలెను.