పితృదేవతల ఆడిటరు

మాసచూసెట్స్‌లో ఏ పాత ఊరికి వెళ్లినా, టౌన్ క్లర్కు ఆఫీసులోనో, కౌంటీ రికార్డు గదిలోనో, లైబ్రరీ కింది అంతస్తులోనో ఒక పెద్దమనిషి తప్పకుండా తగులుతాడు. ఉద్యోగం నుంచి రిటైరై ఉంటాడు. మోచేతుల దగ్గర అరిగిన స్వెట్టరు, మెడలో తాడుకు వేలాడే భూతద్దం, చెవి మీద పెన్సిలు. ఆ గదుల్లోకి పెన్ను రానివ్వరు మరి. ఎదురుగా మూడు వందల యాభై ఏళ్ల నాటి కాగితం. ఏదో హత్యకేసు దర్యాప్తు చేస్తున్నంత తీవ్రంగా దాని మీదికి వంగి ఉంటాడు. తీరా చూస్తే అందులో ఉన్నది ఒక ఆవు. ఎవరో పోయినప్పుడు ఆస్తి లెక్క రాసినవాళ్లు 'ముసలి ఆవు ఒకటి' అని రాశారు. ఆ ఆవు మొదటి భార్య నాటిదా, రెండో భార్య పుట్టింటి నుంచి తోలుకొచ్చిందా అన్నది ఆయన్ను ఆర్నెల్లుగా తొలుస్తున్న ప్రశ్న.

మా వీధి చివరింటాయన ఈ జాతికి మచ్చుతునక. ఆయన్ను చూసే ఇది రాస్తున్నాను.

తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే రకం అమెరికాలోనూ ఉంది. స్వాతంత్ర్య యుద్ధంలో తోడ్పడినవారి ఆడసంతతికి 1890లో, మేఫ్లవర్ ఓడ దిగినవారి సంతతికి 1897లో సంఘాలు వెలిశాయి. చేరాలంటే చందా ఒక్కటే చాలదు, తాతనూ చూపించాలి. తాత లేనివాళ్లు ఏం చేస్తారు? కొనుక్కుంటారు. గుస్తావ్ ఆంజూ అని ఒక ఘనుడు ఉండేవాడు. వేల డాలర్లు పుచ్చుకుని వంశవృక్షం తయారుచేసి ఇచ్చేవాడు. నాలుగు నిజం రికార్డుల మధ్య లేని వీలునామా ఒకటి, జరగని బాప్టిజం ఒకటి అతికి, ఎలాంటివాడికైనా ఇంగ్లండులో ఒక ప్రభువును తాతగా కుదిర్చేవాడు. అసలు ఆంజూ అన్నదే పుట్టినప్పుడు పెట్టిన పేరు కాదు. స్వీడన్‌లో ఫోర్జరీ కేసులో శిక్ష పడినవాడు పేరు మార్చుకుని న్యూయార్క్ చేరాడు. ఆయన చేసిచ్చిన తాతలను ఇప్పటికీ నమ్ముతున్న ఇళ్లున్నాయి.

మా వీధాయన ఆ బాపతు కాదు. మూతి వాసన చూడమనడు. తాత చనిపోయిన నాటి జాబితాలో నేతిగిన్నె ఉందా అని చూస్తాడు. ఉంటే, అది ఈ తాతదేనా, అదే పేరుతో పక్క ఊళ్లో ఉన్న ఇంకో తాతదా అని చూస్తాడు. ఆ గిన్నెకు కట్టిన వెల ఎంతో చూస్తాడు. మొత్తమ్మీద తాత నెయ్యి తాగినట్టు రుజువు కాలేదని తేల్చి, సంతోషంగా ఇంటికొస్తాడు.

ఆయనకు పనీ పాటా కల్పించే వాటిలో మొదటిది పంచాంగం. 1752 దాకా ఇంగ్లండూ దాని వలసలూ పాత జూలియన్ లెక్కలోనే ఉండిపోయాయి. చట్టం ప్రకారం కొత్త సంవత్సరం జనవరిలో కాదు, మార్చి 25న వచ్చేది. 1752లో సెప్టెంబరు 2 బుధవారం రాత్రి పడుకున్నవాళ్లు 14వ తేదీ గురువారం నిద్రలేచారు. సాక్షాత్తూ జార్జి వాషింగ్టన్ పుట్టినరోజు ఇంటి బైబిల్లో 1731/2 ఫిబ్రవరి 11 అని ఉంటే, మనం 1732 ఫిబ్రవరి 22 అంటున్నాం.

ఆయన తల్లి వైపు పూర్వీకురాలు ఒకావిడకు పెళ్లయింది 1680 నవంబరులో. తొలిచూలు బిడ్డ పుట్టింది 1680 ఫిబ్రవరిలో. అది చదివి ఆయన కూతురు నోరు నొక్కుకుంది. ఆయన గంభీరంగా వివరించాడు: "కంగారు పడకు. వాళ్ల లెక్కలో ఆ ఫిబ్రవరి నవంబరు తర్వాతే వస్తుంది. మన లెక్కలో అది 1681. అంటే బిడ్డ పెళ్లికి ముందు పుట్టలేదు. పెళ్లయిన మూడు నెలలకు పుట్టాడు." ఆ విధంగా అవ్వ పరువు మూడు నెలల మేరకు నిలిచింది. మిగతా ఆరు నెలల సంగతి ఆయన అంతటితో వదిలితేనా! ప్యూరిటన్ల రాజ్యంలో అలాంటి తొందరపాటుకు మొగుడూ పెళ్లాలిద్దరినీ కోర్టుకు లాగి జరిమానానో కొరడాదెబ్బలో వేసేవారు. కౌంటీ కోర్టు పుస్తకాలు తిరగేస్తే అవ్వ దొరికింది, జరిమానా దొరికింది. అంతకన్నా ముఖ్యంగా, ఆ జరిమానాకు పూచీ ఉన్న అవ్వ తండ్రి పేరు దొరికింది. పెళ్లి రిజిస్టరులో ఎక్కడా లేని పేరు! ఆ రోజు ఆయన వీధిలో అందరికీ కేకు పంచాడు. ఎందుకని అడిగినవాళ్లకు కారణం చెప్పాడు కూడా.

ఆయన దృష్టిలో మంచివాళ్లంత పనికిమాలిన పూర్వీకులు ఇంకెవరూ లేరు. వేళకు ప్రార్థనకు వెళ్లి, అప్పు చేయక, పొరుగువాడి పంది తన చేలో పడితే నవ్వి ఊరుకున్న తాత ఒక్క కాగితమైనా మిగల్చకుండా పోయాడు. ఆదివారం తాగి పడిపోయినవాడు, కానిస్టేబుల్‌ను తిట్టినవాడు, పంది మీద మూడు వాయిదాలు నడిపినవాడు ఫైలు నిండా ఉన్నారు. బతుకుతెరువు కోసం వచ్చిన పేదలను మా ఊరు పోషించలేదు, మీ దారి మీరు చూసుకోండి అని ఆనాటి ఊళ్లు నోటీసులిచ్చేవి. అందులో పెళ్లాం పేరు, పిల్లల పేర్లు, ఎక్కడి నుంచి వచ్చారో అన్నీ ఉంటాయి. తన తాతను రెండు ఊళ్లు గెంటేసినట్టు తేలిన రోజు ఆయన మొహం చూడాలి. ఏదో సన్మానం జరిగినంత కళ.

ఇక పేర్లు. అందరూ జాన్‌లే, అందరూ మేరీలే. ఒక మేరీ పురిట్లో పోతే తర్వాత పుట్టిన పిల్లకూ మేరీ అనే పెట్టేవారు. పోనీ కాస్త భిన్నమైన పేర్లున్నవాళ్లతో సుఖమా అంటే, మేఫ్లవర్‌లో వచ్చిన బ్రూస్టర్ గారి అబ్బాయిల పేర్లు లవ్, రెజ్లింగ్. అమ్మాయిల పేర్లు పేషెన్స్, ఫియర్. అన్నిటికన్నా గడ్డు సమస్య సీనియరు, జూనియరు. మనమేమో తండ్రీకొడుకులనుకుంటాం. వలస ఊళ్లలో ఒకే పేరుతో ఇద్దరుంటే పెద్దవాడు సీనియరు, చిన్నవాడు జూనియరు, చుట్టరికం ఉన్నా లేకపోయినా. సీనియరు పోతే జూనియరుకు ప్రమోషను, వాడి కింద ఇంకొకడు జూనియరు. దాంతో 1670లో ఉన్న జూనియరు, 1690లో ఉన్న సీనియరు ఒకడే మనిషి కావచ్చు, 1690 నాటి జూనియరు ఊరికే కొత్త అయి ఉండొచ్చు. ఇలాంటి ముగ్గురు జాన్‌లను విడదీయడానికి ఆయన భోజనాల బల్ల మీద మూడు రంగుల చీటీలు పరిచాడు. ఆ కుటుంబం అప్పటి నుంచి వంటింట్లో నిలబడి తింటోంది.

ఆయన గొంతు గద్గదమయ్యేది ఒక్క కథ దగ్గరే. మేఫ్లవర్‌లో 1620లో 102 మంది వచ్చారు. అందులో రిచర్డ్ వారెన్ ఒకడు. భార్య ఎలిజబెత్ ఐదుగురు ఆడపిల్లలను వెంటబెట్టుకుని 1623లో ఇంకో ఓడలో వచ్చింది. ఓడవాళ్లు కట్టుకున్న ప్లిమత్ ఊళ్లో ఇద్దరు మగపిల్లలు పుట్టారు. మొదటి చలికే సగంమంది రాలిపోయిన ఆ ఊళ్లో ఈవిడ పిల్లలు ఏడుగురూ బతికి బట్టకట్టారు. వాళ్ల సంతతి లెక్కలేనంత. అమెరికా అధ్యక్షులు గ్రాంటూ ఫ్రాంక్లిన్ రూజ్వెల్టూ అందులోవాళ్లే. ఇంతమందికి మూలపుటమ్మ అయిన ఆవిడ పుట్టింటివారెవరు? జువాట్ వారి పిల్ల, అప్పటికే మార్ష్ అనేవాణ్ని పోగొట్టుకున్న వితంతువు అని పుస్తకాలు ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నాయి. ఆధారం అడిగితే ముందటి పుస్తకం చూపించేవి.

ఇంగ్లండులో హార్ట్‌ఫర్డ్‌షైర్‌లోని గ్రేట్ ఆమ్‌వెల్ చర్చి రిజిస్టరులో 1610 ఏప్రిల్ 14న రిచర్డ్ వారెన్‌కూ ఎలిజబెత్ వాకర్‌కూ పెళ్లయినట్టు ఉంది. ఐతే ఏమైంది, రిచర్డ్‌లూ ఎలిజబెత్‌లూ ఎందరు లేరు! అక్కడే అగస్టీన్ వాకర్ అనే ఆయన 1613లో వీలునామా రాశాడు. అందులో తన కూతురు ఎలిజబెత్ వారెన్‌కూ, ఆవిడ పిల్లలు మేరీ, ఆన్, సారాలకూ ఇంతింత అని ఉంది. ప్లిమత్ చేరిన ఐదుగురిలో పెద్దపిల్లలు ముగ్గురి పేర్లూ అవే. 2003లో ఒక పత్రికలో ఇది అచ్చయ్యేసరికి జువాట్ గారూ మార్ష్ గారూ ఒక్క దెబ్బకు కొట్టుకుపోయారు. "మేరీ, ఆన్, సారా" అని మా వీధాయన సంధ్యామంత్రంలా చెబుతాడు. మనవరాళ్లకు తలా కాస్త ఇచ్చి వెళ్లిన ఆ తాత తను నాలుగు శతాబ్దాల తర్వాత సాక్షిగా పనికొస్తానని అనుకుని ఉండడు. చెప్పడం అయ్యాక మటుకు ఆయన మొహం కాస్త వాడుతుంది. అక్కడిక వెతకడానికి ఏమీ మిగల్లేదు.

ఆయనకు ఆజన్మ శత్రువు ఒకావిడ. ఎప్పుడో పోయింది. వాళ్ల ముత్తాత చెల్లెలు. 1890ల్లో బంగారు అక్షరాల అట్టతో వంశ చరిత్ర వేయించింది. ఇలాంటి అవ్వగారు ఇక్కడ ప్రతి ఇంటికీ ఒకరుంటారు. ప్రతి పుస్తకంలోనూ ముగ్గురు అన్నదమ్ములు ఓడ దిగుతారు. ఒకడు ఉత్తరానికి పోతాడు, ఒకడు దక్షిణానికి పోతాడు, మూడోవాడు ఏమయ్యాడో ఎవరికీ తెలియదు. ఆధారాలుండవు. ఆవిడ రాసిన ప్రతి వాక్యం పక్కనా ఆయన పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టాడు. ముందుమాటలో ఆవిడ దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్న చోట కూడా. ఇప్పుడు ఆ పుస్తకాన్ని కంప్యూటర్లలో వేలమంది తమ వృక్షాల్లోకి ఎత్తిపోసుకున్నారు. తల్లి పోయిన రెండేళ్లకు బిడ్డలు పుడుతున్నారు, తొమ్మిదేళ్ల తండ్రులు ఏర్పడుతున్నారు. ఒక్కొక్కరికీ మర్యాదగా ఉత్తరం రాయడం ఆయన రాత్రి డ్యూటీ. జవాబు రాదు. ఒక్క మహాతల్లి మాత్రం 'మీ ఆసక్తికి థాంక్స్, మనం చుట్టాలమని తెలిసి సంతోషం' అని రాసింది. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు.

భార్య మాత్రం నెమ్మదస్తురాలు. ముప్పై ఏళ్లుగా వేసవి సెలవులంటే శ్మశానాలే. పాత పలకరాతి మీద రెక్కల పుర్రె చెక్కి ఉంటుంది, కింద అక్షరాలు అరిగిపోయి ఉంటాయి. అద్దం పట్టి ఎండను ఏటవాలుగా కొట్టిస్తే అవి తేలుతాయి. అద్దం పట్టుకునేది ఆవిడ. "కొంచెం ఎడమకి" అంటాడు. ఎడమకి జరుగుతుంది. పన్నెండు తరాలు వెనక్కి వెళ్తే 4,096 మంది తాతలూ అవ్వలూ ఉంటారని, అందరి పుట్టినరోజులూ ఆయనకు గుర్తేననీ, ఇంట్లో ఉన్న ఒక్కదాని పుట్టినరోజే గుర్తుండదనీ ఒకసారి నాతో అంది. "తప్పు నాదేలెండి. నా బర్త్ సర్టిఫికెట్టులో, పెళ్లి కాగితంలో, పాస్‌పోర్టులో అన్ని తేదీలూ కలిశాయి. ఇక ఈయన నా వంక ఎందుకు చూస్తాడు?"

మా సంగతి అడిగితే, మేం తద్దినం నాడు మూడు తరాలు చెప్పుకుని విస్తళ్ల ముందు కూర్చుంటామన్నాను. "మూడూ ఎక్కడ రాసి ఉన్నాయి?" అన్నాడు. పురోహితుడు అడిగితే మా నాన్న చెప్పాడన్నాను. పెన్సిలు తీసి, మళ్లీ చెవి మీద పెట్టుకున్నాడు. ఋషిమూలం, నదీమూలం అడగకూడదన్న మన పెద్దల మాట ఆయనకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

కానీ మాది గుంటూరు జిల్లా, ఒకప్పటి మద్రాసు రాష్ట్రం అనగానే లేచి నిలబడ్డాడు. బోస్టన్‌లో పుట్టిన ఎలైహు యేల్ 1687 నుంచి 1692 దాకా మద్రాసు గవర్నరు. తర్వాత ఆ కుర్చీ ఎక్కిన నతానియల్ హిగ్గిన్సన్ పుట్టింది కనెక్టికట్‌లో; మద్రాసు మొట్టమొదటి మేయరూ ఆయనే. 1692లో ఆయన మద్రాసులో గవర్నరు అవుతుండగా, ఇక్కడ సేలంలో (మన మామిడిపళ్ల సేలం కాదు) ఆయన అక్కచెల్లెళ్లలో ఒకరైన ఆన్ మీద మంత్రగత్తె అని కేసు నడుస్తోంది. తండ్రి అదే ఊళ్లో పాస్టరు. ఇవన్నీ ఆయన నిన్న మొన్న జరిగినట్టు, కాస్త గొంతు తగ్గించి చెప్పాడు.

తర్వాత అసలు విషయానికొచ్చాడు. యేల్ పెళ్లాడిన క్యాథరిన్ అంతకుముందు జోసెఫ్ హిన్మర్స్ భార్య. 1680లో హిన్మర్స్ పోయాడు, అదే ఏడాది మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చిలో యేల్‌తో పెళ్లయింది. వాళ్ల కొడుకు డేవిడ్ పసితనంలోనే పోతే, ఆ తల్లి మొదటి భర్త పక్కనే ఖననం చేశారు. హైకోర్టు ఆవరణ పక్కన పాత లా కాలేజీ స్థలంలో ఇద్దరికీ కలిపి ఒకే సమాధి స్తంభం ఉంది. "చూశారా ప్రమాదం? రేపెవడో అది చూసి పిల్లవాడికి హిన్మర్స్‌ను తండ్రిగా కట్టేస్తాడు" అని ఆయన నిజంగానే బెంగపడ్డాడు. నాలుగు వైపులా ఫొటోలు కావాలి. పొద్దుటెండలో తీయాలి. సుద్దతో రుద్దకూడదు. పక్కన స్కేలు పెట్టాలి.

మా బావమరిది చెన్నైలోనే ఉంటాడు. పాపం, సెలవు పెట్టుకుని, అనుమతులు అడుక్కుని, స్కూలు పిల్లాడి స్కేలు పట్టుకెళ్లి ఫొటోలు పంపాడు. కింద రాశాడు: "అంతా బాగానే ఉంది బావా, ఇంతకీ వీళ్లు మనకేమవుతారు?"

దాన్ని ఇంగ్లీషు చేసి వీధి చివరికి పంపాను. గంటలో జవాబొచ్చింది: "ఇంకా తేలలేదు. మీ బావమరిది తల్లిగారి పుట్టింటి పేరు పంపగలరా?"