ఏడో ఆధారం

వజ్రపుకొత్తూరు వైపు పల్లె నుంచి భార్యని డయాలసిస్ కోసం టెక్కలి ఆసుపత్రికి తెచ్చే పెద్దాయన, ఓ సాయంత్రం ఆమె ఫైలంతా నా ముందు పెట్టాడు.

"మాస్టారూ, ఇంగ్లీషులో ఓ ఉత్తరం రాసి, ఈ కాయితాలు మా గుంటడికి పంపీయండి. తల్లికి ఇలాగుందని తెలిస్తే అమెరికావోలు ఓపాలి పంపకపోతారేటి?"

మన తీరంలో ఎందరో కుర్రాళ్లలాగే కొడుకు ఓడ పనికి వెళ్లాడు. హ్యూస్టన్ రేవులో దిగి మళ్లీ ఓడెక్కలేదు. అక్కడి పౌరురాలిని పెళ్లాడాడు. టూరిస్టు వీసా గడువు దాటినవాడైతే ఆ పెళ్లితో అక్కడే ఉండి గ్రీన్‌కార్డు తెచ్చుకునే వీలుంది. ఓడ సిబ్బంది వీసా మీద దిగినవాడికి అది లేదు. దేశం దాటి, ముంబయి కాన్సులేట్ నుంచి తెచ్చుకోవాలి. గడప దాటాడా, 1996 నాటి చట్టం పట్టుకుంటుంది: ఏడాదీ ఆపైనా కాగితాల్లేకుండా ఉన్నవాడు పదేళ్లు తిరిగి రాకూడదు. ఆ పదేళ్లు మాఫీ చెయ్యమని బయల్దేరకముందే పెట్టుకునే దరఖాస్తు ఐ-601ఏ. అందులో నిరూపించాల్సింది పౌరురాలైన భార్య పడబోయే తీవ్రమైన కష్టం. కన్నతల్లి అక్కడి పౌరురాలో గ్రీన్‌కార్డుదారో అయితే తప్ప, ఆమె కష్టం లెక్కలోకి రాదు.

కన్నతల్లిని లెక్కలోంచి తీసేసిన చట్టాన్ని నేను క్షమించలేను. పెద్దాయనకి ఆ మాట చెప్పలేక చెప్పాను. ఆయన ఫైలు తీసుకుని మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే కొడుకు ఫోన్ చేశాడు. లాయరు ఆ ఫైలు కావాలన్నాడట! ఊళ్లో ఇంకెందరి కిడ్నీలు పోయాయో, మన ఉద్దానం ప్రాంతం గురించి పేపర్లలో ఏం రాశారో, 2023లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ఎందుకు తెరవాల్సొచ్చిందో, అన్నీ పంపమన్నాడట. జబ్బుకి కారణం ఇప్పటికీ తేలలేదన్నది మరీ ముఖ్యమట.

"సూసినారా మాస్టారూ! ఆడదాని గోస ఆలకీ తెలిసింది" అన్నాడు పెద్దాయన. ఆ ఆనందంలో పక్కింటివాళ్ల రిపోర్టులు కూడా అడిగి తెచ్చాడు.

దరఖాస్తు పెట్టాక నకలు నాకొచ్చింది. వాళ్లింటికి పట్టుకెళ్లాను. మంచం మీంచే ఆమె అడిగింది:

"నా కాయితాలు కలిపినారా, బాబూ?"

కలిపారు. ఏడో ఆధారం. ఆమె పేరున్న మొదటి రిపోర్టు పైన లాయరు పెట్టిన శీర్షికని నేను పైకి చదవలేకపోయాను:

"భర్త వెంట వెళ్లాల్సి వస్తే, భార్య బతకలేని చోటు."